ముద్ద దిగేదాకా

ఆ ఇంట్లో భోజనం మధ్యలో అందరూ లేచి నిలబడతారు.

సగం తిన్నాక తల్లి పళ్లెం మీంచి తలెత్తి "లేద్దామా?" అంటుంది. కుర్చీలు వెనక్కి జరుగుతాయి. అందరూ నడుం నిటారుగా చేసి, గోరువెచ్చని నీళ్లు గుక్క గుక్కగా తాగి, గడ్డం పైకెత్తి, రెండు చేతులూ తల మీదికి చాచి కాసేపు ఆగుతారు. తర్వాత కూర్చుని మిగిలింది తింటారు. ఎవరూ నవ్వరు. ముఖం కడుక్కున్నట్టు, తలుపు గడియ వేసినట్టు, అదీ ఒక పని.

అది తండ్రి జబ్బుతో మొదలైంది. గొంతు నుంచి కడుపులోకి దిగే గొట్టం అడుగున ఒక కండరం ఉంటుంది. ముద్ద వచ్చినప్పుడు అది వదులై దారివ్వాలి. ఆయనకు ఇచ్చేది కాదు. తిన్నది రొమ్ము వెనక నిలిచిపోయేది. లేచి నిలబడి, దాని మీద నీళ్ల బరువు వేసి, చేతులెత్తి ఒళ్లు సాగదీస్తే ఎప్పటికో జారేది. బల్ల దగ్గర ఆయనొక్కడే అలా లేవడం, చిన్నవాడైన కొడుకు గుడ్లప్పగించి చూడటం, ఆయన సిగ్గుపడి పళ్లెం పట్టుకుని వంటగదిలోకి పోవడం కొన్నాళ్లు నడిచింది. ఒకరోజు ఆయన లేవగానే తల్లి కూడా లేచింది. "నువ్వూ లేవరా. తిన్నది వంటబడుతుంది" అంది. కొడుకు లేచాడు. మళ్లీ ఆయన వంటగదిలోకి పోలేదు.

అందరిళ్లలోనూ ఇంతేనని ఆ కొడుకు చాలాకాలం నమ్మాడు. ఒకసారి స్నేహితుడి ఇంట్లో భోజనం మధ్యలో లేచి చేతులెత్తితే వాడి తల్లి "అప్పుడే చాలా బాబూ!" అంటూ పళ్లెం తీసేసింది. ఆకలితో ఇంటికొచ్చాడు. పెళ్లయ్యాక కొత్త కోడలు మొదటిసారి బల్ల దగ్గర కూర్చున్నప్పుడు అందరూ దిగ్గున లేచేసరికి హడలిపోయి తనూ లేచింది, ఎవరో పెద్దమనిషి వచ్చాడేమోనని గుమ్మం వైపు చూసింది. గదిలోకి వెళ్లాక భర్తను అడిగింది: "మీ ఇంట్లో ఆకలికి కూడా జాతీయగీతం ఉందా?" అతను పడీపడీ నవ్వాడు. కారణం విన్నాక ఆమె నవ్వలేదు. మర్నాటి నుంచి అందరికంటే నిటారుగా నిలబడేది.

చివరి ఏళ్లలో తండ్రి కుర్చీలోనే నిద్రపోయేవాడు. పడుకుంటే తిన్నది వెనక్కొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోయేది. అలా పోయి పోయి ఒక చలికాలం ఛాతీ నిండా చీము పట్టి పోయాడు. మనవరాలు పుట్టక ముందే. ఆయన లేకుండా బల్ల దగ్గర కూర్చున్న మొదటి రోజు సగం తిన్నాక ముగ్గురూ ఆగిపోయారు. ఇక లేవాల్సిన పని లేదు. ఆ మాట ఎవరూ అనలేకపోయారు. చివరికి తల్లే "లేద్దామా?" అంది. ముగ్గురూ లేచారు.

అలా ఆ ఇంట్లో ఒక జబ్బు వచ్చి దాక్కోవడానికి అన్నీ అమర్చి పెట్టి ఉన్నాయి.

*

కింద దర్జీ దుకాణం, పైన ఇల్లు. దుకాణంలో పొడవాటి కత్తిరింపు బల్ల, రెండు మిషన్లు, మూలగా ఇస్త్రీ పెట్టె, దాని ఆవిరికి ఎప్పుడూ చెమర్చి ఉండే గోడ. తండ్రి కూర్చున్న మిషను దగ్గర ఇప్పుడు కొడుకు కూర్చుంటాడు. వీధి వైపు గాజు కిటికీ పక్కన కాజాలు కుట్టే ముసలాయన ఉంటాడు. ఆయన్ని అందరూ కాజాల బాబాయి అంటారు. సూది ఆగితే గానీ ఆయన నోరు ఆగదు.

ప్యాంటు కుట్టేటప్పుడు నడుం వెనకా తొడల లోపలా గుడ్డ కాస్త ఎక్కువ వదలాలి. అది తండ్రి పద్ధతి. "ఒళ్లు ఇవాళ ఉన్నట్టు రేపుండదురా. ఆ సంగతి గుడ్డకి ముందే చెప్పి ఉంచాలి" అనేవాడు. పెళ్లికి కుట్టించుకున్న ప్యాంట్లు పట్టుకుని, పొట్టలు వేసుకుని, ఏళ్ల తర్వాత వచ్చేవాళ్లు. కుట్టు విప్పి లోపలి గుడ్డ బయటికి తీస్తే వాళ్ల ముఖాలు వెలిగిపోయేవి.

ఒక మధ్యాహ్నం అతను పని చేస్తూనే ఒక రొట్టెముక్క నోట్లో వేసుకున్నాడు. అది దిగలేదు. నీళ్లు తాగాడు. నీళ్లు వెళ్లి దాని మీద నిలబడ్డాయి. కాజాల బాబాయి ఏదో చెబుతున్నాడు. అతను మెల్లగా లేచి చేతులెత్తి ఒళ్లు విరుచుకున్నాడు.

"నడుం పట్టేసిందా అబ్బాయ్?"

"ఊఁ."

చాలాసేపటికి అది జారింది. అతనిలో భయం కంటే ముందు గుర్తుపట్టడం వచ్చింది. మెట్ల మీది చప్పుడును బట్టి వచ్చేది ఎవరో తెలిసినట్టు. వచ్చింది నాన్న.

ఎవరికీ చెప్పకూడదనుకున్నాడు. దానికి తనకు తాను ఇచ్చుకున్న కారణం ఇది: ఒక్క మనిషికి వస్తే అది జబ్బు. తండ్రిది అలాంటిదే. ఎక్కడో ఒకరికి వచ్చేది ఆయనకు వచ్చింది, ఆయనతోనే పోయింది. కానీ తనకూ వస్తే అది ఇక జబ్బు కాదు, వరస. గుడ్డ మీద ఒక్క సుద్ద చుక్క ఉంటే అది చుక్కే. రెండో చుక్క పెడితే రెంటినీ కలిపి గీత గీయొచ్చు, గీత గీశాక అది ఎటు పోతుందో కనిపిస్తుంది. అది పోయేది కూతురి వైపు.

కూతురికి వసపిట్ట అని పేరు పెట్టింది కాజాల బాబాయే. నిద్రలో తప్ప ఆ పిల్ల నోరు మూతపడదు. మెట్ల మీంచి దిగుతూనే మాట మొదలుపెట్టి, దుకాణం అంతా తిరిగి, ఆ మాట పూర్తికాకుండానే మళ్లీ పైకెక్కేది. ఆ గొంతు వింటూ అతను అనుకునేవాడు: నేను పరీక్ష చేయించుకోనంత కాలం ఒక్క చుక్కే ఉంటుంది.

ఇది మూర్ఖత్వమని అతనికి తెలుసు. తను ఆసుపత్రి మెట్లెక్కకపోతే జబ్బుకు ఈ ఇంటి దారి తెలియదన్నట్టుంది ఈ వాదన. ఇది ఆలోచన కాదు, ఆలోచన బట్టలు తొడుక్కున్న భయం. తెలిసినా ఆ బట్టలు విప్పలేదు. అవి అతనికి సరిగ్గా సరిపోయాయి.

మింగడం మనిషి చూడకుండా చేసే పని. ఒకసారి చూడటం మొదలుపెడితే అది చూపుకు జడిసి నిలిచిపోతుంది. అతను తన ప్రతి గుటకనూ చూడసాగాడు. ఇది జబ్బా, భయమా? కొన్ని రోజులు భయమేనని రుజువు చేసుకునేవాడు. ఆ రోజుల్లో కూడా ముద్ద దిగేది కాదు.

ఒళ్లు తగ్గింది. ఇంట్లో ఎవరికీ కనబడలేదు. ప్యాంటు వదులైనట్టు అనిపించగానే దుకాణంలో కూర్చుని తనే విప్పి, నడుం తగ్గించి కుట్టి, మిగిలిన గుడ్డను కత్తిరించి పీలికల సంచిలో పడేసేవాడు. బట్టలు ఎప్పుడూ ఒంటికి అతికినట్టు ఉండేవి. బట్టలు సరిపోయిన మనిషి చిక్కాడని ఎవరనుకుంటారు?

"మళ్లీనా?" అన్నాడు కాజాల బాబాయి ఒకసారి, కళ్లద్దాల మీంచి చూస్తూ. "మీ నాన్న గుడ్డ వదలమంటే నువ్వు కోసి పారేస్తున్నావ్. ఇలాగే పోతే ఆ ప్యాంటు రేపు మన వసపిట్టకి లాగు అవుతుంది."

"అంతా మీ కోడలి వంట మహిమ బాబాయ్."

"గట్టిగా అనకు. అమ్మాయి వింటే నీ వీపు విమానం మోతే."

ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే అతను కత్తెర ఆడించాడు.

*

బడి గేటు దగ్గర టీచరమ్మ అతన్ని ఆపింది.

"పాప నాన్నగారు మీరే కదండీ? ఒక్క మాట. భోజనాలప్పుడు మీ అమ్మాయి మధ్యలో లేచి చేతులెత్తుతోంది. మొదట్లో ఏదో ప్రార్థన అనుకున్నాం, ఊరుకున్నాం. ఇప్పుడు బెంచీ అంతా లేస్తోంది. నిన్న ఈవిడగారు 'లేద్దామా' అంటే క్లాసు క్లాసంతా లేచింది!" నవ్వాపుకోలేకపోయింది. తర్వాత ముఖం సర్దుకుని, "గొంతులో ఏమైనా ఇబ్బందా అండీ? లేవకుండా తినమంటే తినడం లేదు" అంది.

అతను ఏదో చెప్పి కూతురి చెయ్యి పట్టుకుని నడిచాడు. రోడ్డు పక్కన తవ్విన గొయ్యి, చుట్టూ కట్టిన తాడు, దాన్ని తాకుతూ నడిచే పిల్ల. ఎలా అడగాలో అర్థం కాలేదు. మామూలుగా అడగాలని మరీ మామూలుగా అడిగాడు.

"బళ్లో ఎందుకు లేస్తున్నావు?"

"లేస్తే ముద్ద దిగుతుందిగా."

"లేవకపోతే దిగదా?"

పిల్ల ఆలోచించింది. ఆలోచిస్తున్నంతసేపు మాట్లాడలేదు, అది అతనికి నచ్చలేదు. "ఏమో నాన్నా. ఎప్పుడూ లేస్తాంగా" అంది.

"ఇక్కడ ఎప్పుడైనా ఆగినట్టుంటుందా?" అతను తన రొమ్ము మీద వేలు పెట్టి చూపించాడు.

పిల్ల తన రొమ్ము మీద సరిగ్గా అదే చోట వేలు పెట్టుకుంది. "ఇక్కడా?"

"ఆఁ."

"ఉంటుందేమో. నీకుంటుందా?"

"లేదు."

"నీకు లేకపోతే మరి నాకెందుకుంటుంది?" అని చెయ్యి విడిపించుకుని గొయ్యిలోకి తొంగిచూసింది.

అతను అక్కడే నిలబడిపోయాడు. ఇన్నాళ్లూ తను ఎవరికీ చెప్పకుండా పట్టుకు వేలాడుతున్న వాదన ఇదే. పిల్ల నోట అది ఎంత చిన్నదిగా ఉందో వినబడింది. ఇంకో సంగతీ అప్పుడే తట్టింది. ఆ పిల్లకు లోపల ఏమీ ఆగడం లేదో, ఆగుతున్నా అందరికీ ఇంతేననుకుంటోందో తెలుసుకునే దారి ఆ ఇంట్లో లేదు. తండ్రి ఒంటరివాడు కాకూడదని తల్లి చేసిన పని వల్ల, ఆ బల్ల దగ్గర ఎవరు రోగో ఎవరు కాదో ఎవరికీ తెలియదు. తినేవాళ్లకు కూడా.

*

పీలికల సంచి మీద అధికారమంతా భార్యది. దుకాణంలో మిగిలిన ముక్కలన్నీ ఏరి, దిండ్లలోకి కూరుతుంది, కాళ్లు తుడుచుకునే పట్టాలు అల్లుతుంది. కాజాల బాబాయి టీకి వెళ్లినప్పుడు ఆమె కిందికి దిగింది. చేతిలో గోధుమరంగు పీలికలు. మాట్లాడకుండా వాటిని కత్తిరింపు బల్ల మీద ఒకదాని పక్కన ఒకటి పేర్చింది.

"ఇది ఎవరి ప్యాంటు?"

"ఎవరో తెచ్చారు."

"నాకు చెప్పకండి. ఈ గుడ్డ నేను కొన్నది. మీ పుట్టినరోజుకి." పీలికల వరస మీద అరచెయ్యి ఆనించింది. అరచెయ్యి నిండి ఇంకా మిగిలింది. "ఇంత మనిషి ఎక్కడికి పోయాడండీ?"

అతను మిషను చక్రం మీద చెయ్యి వేశాడు. ఆమె దగ్గరికొచ్చి అతని చొక్కా కాస్త ఎత్తి, నడుం దగ్గర ఎముక మీద వేళ్లు పెట్టింది. అప్పుడు చెప్పాడు. రొట్టెముక్క దగ్గర మొదలుపెట్టి అంతా చెప్పాడు. సుద్ద చుక్కల సంగతి కూడా చెప్పాడు. చెబుతుంటే అది నిజంగానే పిచ్చిలా వినబడింది.

ఆమె అరుస్తుందనుకున్నాడు. అరవలేదు. బల్ల మీది పీలికలను పోగు చేస్తూ అంది:

"మీరు నాతో అబద్ధమైనా ఆడలేదు. ఆడితే తిట్టేదాన్ని. రోజూ నా ఎదురుగానే లేచారు, నా ఎదురుగానే చేతులెత్తారు. మీరు మునిగిపోతూ చేతులెత్తుతుంటే నేనూ పక్కన నిలబడి చేతులెత్తాను."

పీలికలు గుప్పిట పట్టి, "అత్తయ్యకి తెలుసా?" అంది.

"లేదు."

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆ "లేదు" అనే మాట అతన్ని వదల్లేదు. తల్లి "లేద్దామా" అనేది ఎప్పుడు? సగం తిన్నాక. కానీ ఎవరి సగం? కొన్ని రోజులు మొదటి ముద్దలకే అనేది, కొన్ని రోజులు బాగా ఆలస్యంగా. ముసలితనం, మతిమరుపు అనుకున్నాడు. ఇప్పుడు తన ముద్ద రొమ్ము వెనక ఆగింది, ఆగినట్టు కనపడకుండా అతను పళ్లెంలోకి వంగాడు, వంగేలోపే "లేద్దామా?" అని వినిపించింది.

మర్నాడు అతను పలుచటి గంజి తప్ప ఏమీ తీసుకోలేదు. మెల్లగా గుక్కలు వేస్తూ కూర్చున్నాడు. ఏదీ ఆగలేదు. అందరి పళ్లేలూ ఖాళీ అయ్యాయి. తల్లి "లేద్దామా" అనలేదు.

"నానమ్మా, ఇవాళ లేవమా?" అంది వసపిట్ట.

తల్లి ఉలిక్కిపడింది. "ఆఁ... లేద్దాం, లేద్దాం" అంటూ లేచింది. కొడుకు వైపు మాత్రం చూడలేదు.

వంటగదిలో ఆమె గిన్నెలు కడుగుతుంటే వెళ్లి పక్కన నిలబడ్డాడు.

"నీకెప్పట్నుంచి తెలుసమ్మా?"

ఆమె నీళ్లు ఆపలేదు. "మీ నాన్నతో ఒక వయసంతా కాపురం చేశాను. ఆ గుటక చప్పుడు నాకు తెలీదట్రా?"

"మరి చెప్పలేదేం?"

"నువ్వు చెప్పావా?" గిన్నె బోర్లించింది. "నేను నోరు విప్పితే అది నిజమైపోతుందనిపించింది. ఆయనతో పోయిందనుకున్నాను నాన్నా. పోలేదని నా నోటితో నేనే అనాలా?"

అతను ఆమె చేతిలోని పీచు తీసుకుని మిగతా గిన్నెలు తోమాడు. ఒకే అబద్ధాన్ని ఇద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు మోశారు. గొంతు తండ్రిదని తెలుసు. దాన్ని దాచిన బుద్ధి ఎవరిదో ఇప్పుడు తెలిసింది. ఈ రెండోదానికి పరీక్షలు లేవు.

*

ఆసుపత్రిలో అతన్ని ఒక పలకకు ఆనించి నిలబెట్టి, సుద్ద కలిపినట్టున్న తెల్లటి ద్రవం తాగమన్నారు. తాగుతుంటే తెర మీద లోపలి దారి కనబడింది. తెల్లటి ద్రవం దిగి, దిగి, అడుగున నిలిచిపోయింది. పైన వెడల్పు, కిందికి పోను పోను సన్నం, చివర ఒక దారప్పోగు. ముంజేతి దగ్గర మూసి కుట్టేసిన చొక్కా చెయ్యిలా ఉంది. ఆ బొమ్మ అతను చూసిందే. చిన్నప్పుడు తండ్రి ఒక నల్లటి ఎక్స్‌రే ఫిల్మును దుకాణం గాజు కిటికీకి ఆనించి చాలాసేపు చూశాడు. అతను ఆయన చంకకింద నుంచి చూశాడు.

డాక్టరమ్మ నిదానమైన మనిషి. "చాలా ఆలస్యం చేశారు. గొట్టం బాగా సాగిపోయింది" అంది. "ఆ కండరాన్ని కాస్త కోసి వదులు చేస్తాం. తినడం తేలికవుతుంది. పూర్తిగా మునుపటిలా అవుతుందని మాత్రం చెప్పను. సాగింది సాగినట్టే ఉంటుంది."

అతను తల ఊపాడు. సాగిన గుడ్డ సంగతి అతనికి చెప్పక్కర్లేదు. అతని ప్రశ్న వేరే ఉంది. అది భార్య అడిగింది.

"వీళ్ల నాన్నగారికీ ఇదే ఉండేదండీ. మాకో పాప ఉంది. ఇది వంశంలో వస్తుందా?"

డాక్టరమ్మ కాగితం మీద ఏదో రాసుకుంది. "చాలామందికి అలా రాదండీ. ఇంట్లో ఒక్కరికే వస్తుంది, ఎందుకొచ్చిందో తెలియదు. ఒకే కుటుంబంలో ఇద్దరు ముగ్గురికి రావడం చాలా అరుదు. కానీ లేదనలేం. మీ ఇద్దరికీ రావడం కాకతాళీయం కావచ్చు, కాకపోనూ వచ్చు."

"రక్తం తీసి చూడొచ్చా?"

"మీకున్న రకానికి అలా చెప్పే పరీక్ష లేదు." రాస్తూనే, "పాప ఏడిస్తే కన్నీళ్లొస్తాయా?" అంది.

ఇద్దరూ తెల్లబోయారు.

"కంగారు పడకండి. పసితనంలోనే వచ్చే రకం ఒకటుంది, అది తోబుట్టువుల్లో కనిపిస్తుంది. ఆ పిల్లలకి ఏడ్చినా కన్నీళ్లు రావు. తల్లిదండ్రులు మామూలుగానే ఉంటారు. మీ ఇంటిది అది కాదు. ఊరికే అడిగాను."

"వస్తాయండీ. శుభ్రంగా వస్తాయి" అంది భార్య.

"అయితే ఆ సంగతి వదిలేయండి. పాపకి మింగడంలో ఇబ్బందేమైనా ఉందా?"

"అదే మాకు తెలియదు డాక్టరమ్మా" అని భార్య భోజనం మధ్యలో లేచే సంగతంతా చెప్పింది. వింటూ వింటూ డాక్టరమ్మ కలం కింద పెట్టేసింది.

"అందరూ లేస్తారా?"

"అందరం."

"ముందు అది మానేయండి" అంది డాక్టరమ్మ గొంతు తగ్గించి. "పాపని కొన్నాళ్లు మామూలుగా కూర్చుని తిననివ్వండి. నిజంగా ఆగుతుంటే అప్పుడు తెలుస్తుంది. ఇప్పుడున్నట్టుంటే నాక్కూడా తెలియదు."

ఇంటికి వచ్చే బస్సులో అతను కన్నీళ్ల గురించే ఆలోచించాడు. అది తమ రకం కాదని డాక్టరమ్మ స్పష్టంగా చెప్పింది, అతనికి స్పష్టంగా అర్థమైంది. కానీ విన్న మాటలన్నిట్లో కంటితో చూసి అవునో కాదో తేల్చుకోగలిగింది అదొక్కటే. వసపిట్ట ఏడవడం గుర్తుచేసుకోబోయాడు. ఎర్రబడిన ముఖం, తెరిచిన నోరు, ఏడుపు మధ్యలో కూడా ఆగని మాటలు. చెంపల మీద తడి గుర్తురాలేదు. ఎంత వెతికినా చెంపలు పొడిగానే కనిపించాయి.

"దానికి కన్నీళ్లు రావడం నువ్వు చూశావా?" అన్నాడు.

భార్య కిటికీ వైపు నుంచి తల తిప్పింది. "నేను తుడిచాను" అంది.

అతను నమ్మాడు. నమ్మకం ఏమీ చేయలేకపోయింది.

*

ఆ సాయంత్రం తల్లి "లేద్దామా" అనలేదు. అనొద్దని కోడలు ముందే చెప్పింది. ముగ్గురు పెద్దవాళ్లూ వంచిన తలలెత్తకుండా తింటున్నారు. పళ్లేల చప్పుడు పెద్దగా వినిపించింది. వసపిట్ట బడి కబుర్లు చెబుతూ చెబుతూ నానమ్మ వైపు చూసింది. నానమ్మ పళ్లెంలోకే చూస్తోంది. పిల్ల తనంతట తనే కుర్చీ వెనక్కి జరిపింది.

"వద్దమ్మా. ఇవాళ్టి నుంచి మనం లేవం" అంది అతని భార్య మెత్తగా.

"ఎందుకు?"

"ఊరికేనే. పెద్దదానివయ్యావుగా, కూర్చునే తినాలి."

"నానమ్మ ఇంకా పెద్దది. నానమ్మ లేస్తుందిగా."

"నానమ్మా లేవదు ఇంక."

"మరి ముద్ద ఆగిపోదూ?"

బల్ల దగ్గర అందరి చేతులూ నిలిచిపోయాయి.

"ఆగిందా?" అన్నాడు అతను.

"ఆగుతుంది."

"ఇప్పుడు ఆగిందా లేదా?"

"లేవకపోతే ఆగుతుంది నాన్నా" అంటూ పిల్ల నోట్లో ముద్ద పెట్టుకుని లేచి నిలబడి, గడ్డం పైకెత్తింది.

"కూర్చో."

కూర్చోలేదు. అతను మెల్లగానే చెప్పబోయాడు. కానీ లోపల ఎవరో ఒకరు, అతనికంటే ప్రశాంతంగా ఉన్న ఒకరు, ఇదే సమయం అన్నారు. తన అరచెయ్యి లేవడం అతను చూశాడు. అది బల్ల మీద పడింది. నీళ్లగ్లాసు దొర్లింది.

"కూర్చోమన్నానా లేదా!"

ఆ ఇంట్లో ఎవరూ పిల్ల మీద అలా అరవలేదు. పిల్ల కూర్చుండిపోయింది. పెదవి వంకర పోయింది. అతను ముందుకు వంగి ఆ కళ్లలోకి చూశాడు. కింది రెప్ప అంచున ఏదో మెరిసింది, నిండింది, చెంప మీదికి దొర్లింది. దాని వెనక ఇంకొకటి. వచ్చాయి. అతనికి ఒక్కసారిగా ఎంత హాయి అనిపించిందంటే, నవ్వు రాబోయింది.

తలెత్తితే భార్య అతన్నే చూస్తోంది.

"కనిపించాయా?" అంది.

అతను దొర్లిన గ్లాసును నిలబెట్టాడు.

"అడిగితే చెప్పాను కదండీ. చాలదా?"

చాలలేదు. ఇప్పుడు చూసినా చాలలేదు. ఆ కన్నీళ్లు తమ ఇంటిది కాని జబ్బు ఒకటి తమ ఇంట్లో లేదని చెప్పాయి, అంతే. వాటికోసం ఏం ఖర్చయిందో ఎదురుగా కూర్చుని ఉంది. పిల్ల ముద్ద నోట్లోనే పెట్టుకుని ఎక్కిళ్లు పెడుతోంది. మింగబోయింది, మెడ సాగింది, చెయ్యి రొమ్ము మీదికి పోయింది. ఆ రోజు రోడ్డు మీద అతను వేలు పెట్టి చూపించిన చోటికే.

"నాన్నా, దిగట్లేదు."

ఏడ్చేవాళ్లెవరికైనా దిగదు. ఏడుపు వల్లేనా? అలవాటు వల్లా? ముగ్గురు పెద్దవాళ్లూ ఆ చిన్న గొంతునే చూస్తున్నారు. చూస్తే ఏ గొంతైనా జడుసుకుంటుందని అతనికి బాగా తెలుసు. తెలిసీ కళ్లు తిప్పుకోలేకపోయాడు. తల్లి పెదవులు కదిలాయి. ఆ మాట బయటికి రాకుండా నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

"ఏం లేదురా. నాలా నెమ్మదిగా నములు. కూర్చునే మింగొచ్చు. చూడు" అన్నాడు అతను.

ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాడు. బాగా నమిలాడు. మింగాడు. అది రొమ్ము వెనకదాకా వెళ్లి, అలవాటైన చోట, అంతకుముందు తిన్నదాని మీద నిలిచిపోయింది. లేవాలని కాళ్లు వాటంతటవే బిగుసుకున్నాయి. చేతులు బల్ల కింద పెట్టి మోకాళ్లను గట్టిగా పట్టుకున్నాడు. లేస్తే పిల్ల లేస్తుంది. ముఖం మీద ఏమీ కనపడనివ్వకుండా, గడ్డం పైకెత్తకుండా, రొమ్ము లోపలి నొప్పి వీపులోకి పాకుతుంటే, కూర్చునే ఉన్నాడు. ఒకప్పుడు ఈ బల్ల దగ్గరే, ఏ జబ్బూ లేని తను, జబ్బున్నవాడిలా నిలబడ్డాడు.

పిల్ల ఏడుపు ఆపింది. తడి కళ్లతో అతని గొంతు వైపే చూస్తోంది. ఎంత శ్రద్ధగా చూస్తోందంటే, తండ్రి ఫిల్మును తను చంకకింద నుంచి చూడటం అతనికి గుర్తొచ్చింది.

"నీది దిగిందా నాన్నా?"

"దిగింది" అన్నాడు. మాట రావడానికి దారి లేక ఊపిరితోనే అన్నాడు.

పిల్ల నమ్మింది. లేదా నమ్మినట్టు కనిపించింది. రెంటికీ తేడా అతను ఇక చెప్పలేడు. ఆమె కూడా చేతులు బల్ల కింద పెట్టుకుని, మోకాళ్లు పట్టుకుని, గడ్డం పైకెత్తకుండా, మింగడానికి సిద్ధమైంది.